నెత్తిమీది కొలిమి
కార్ఖానాల్లో వేడి, గాలి, తేమ

మే నెల మధ్యాహ్నం. సిరిసిల్లలో ఒక రేకుల షెడ్డు, దాని పక్కనే ఒక వేపచెట్టు ఉన్నాయనుకోండి. షెడ్డులో మరమగ్గాలు నడుస్తున్నాయి. ఒక థర్మామీటరును షెడ్డు మధ్యలో, మరొకదాన్ని వేపచెట్టు నీడలో వేలాడదీశాం. రెండూ 40 డిగ్రీల సెంటీగ్రేడే చూపించాయి. ఇప్పుడు చెప్పండి, మీరు ఎక్కడ కూర్చుంటారు?

"వేపచెట్టు కింద" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. కాని రెండు చోట్లా గాలి ఉష్ణోగ్రత ఒక్కటే గదా! మరి షెడ్డులో ఎందుకు తట్టుకోలేం? థర్మామీటరు తప్పు చెప్పిందా?

థర్మామీటరు తప్పు చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పింది. గాలి ఎంత వేడిగా ఉందో చెప్పింది. కాని మన ఒంటికి తగిలే వేడి గాలి వేడి ఒక్కటే కాదు. ఈ చిన్న విషయం అర్థమైతే సిరిసిల్లలో మరమగ్గం నడిపేవారికి, కోరుట్లలో బీడీలు చుట్టేవారికి, జగిత్యాల రైసుమిల్లులో బాయిలరు దగ్గర నిలబడేవారికి ఎండకాలం ఎందుకంత కష్టంగా గడుస్తుందో తెలుస్తుంది. ఆ కష్టాన్ని తగ్గించే దారి కూడా తెలుస్తుంది.

వేడి వచ్చే మూడు దారులు

వేడి ఒకచోటి నుంచి మరొకచోటికి మూడు విధాల పోతుందని మీరు పాఠంలో చదువుకున్నారు. పొయ్యిమీది గరిటె కాడ కాలడం వహనం. గిన్నెలో అడుగునీళ్లు వేడెక్కి పైకి రావడం సంవహనం. చలిమంటకు ఎదురుగా కూర్చుంటే ముఖం వేడెక్కడం వికిరణం.

ఈ మూడోది తక్కిన రెండింటిలాంటిది కాదు. వహనానికి, సంవహనానికి మధ్యలో ఏదో ఒక పదార్థం కావాలి. వికిరణానికి ఏ పదార్థమూ అక్కర్లేదు. సూర్యుడి వేడి శూన్యంగుండా మనదాకా వస్తున్నది ఈ దారిలోనే. చలిమంట దగ్గర ముఖం కాలుతుంటే వీపు చలికి వణుకుతుంది. ముందూ వెనుకా ఉన్న గాలి ఒక్కటే. మంటకు ఎదురుగా ఉన్న భాగానికే వేడి తగులుతున్నది.

ఇప్పుడు షెడ్డు పైకప్పు చూడండి. మే నెల ఎండలో రేకు 60 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు. ఆ రేకు కింద పనిచేసే మనిషి తల, భుజాలు, వీపు దానికి ఎదురుగా ఉన్నాయి. అంటే నెత్తిమీద ఒక పెద్ద కొలిమి ఉన్నట్టే. వేపచెట్టు సంగతి వేరు. ఆకులు నీటిని ఆవిరి చేస్తూ ఉంటాయి కనుక గాలికంటే అంతగా వేడెక్కవు. పైన కొలిమి లేదు. అదే తేడా.

రేకు ఎంత వేడిని కురిపిస్తుంది?

దీనికి లెక్క ఉంది. ఆస్ట్రియాలో పనిచేసిన జోసెఫ్ స్టెఫాన్ 1879లో ఒక సూత్రాన్ని కనుక్కున్నాడు. ఆయన శిష్యుడు లుడ్విగ్ బోల్ట్జ్‌మన్ 1884లో దానికి సిద్ధాంతపరమైన ఆధారం చూపాడు. ఒక వస్తువు వికిరణం చేసే వేడి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుందన్నదే ఆ సూత్రం. పరమ ఉష్ణోగ్రత అంటే సెంటీగ్రేడుకు 273 కలిపితే వచ్చేది.

రేకు 60 డిగ్రీలు, అంటే 333 కెల్విన్లు. నల్లటి ఆదర్శ వస్తువు అనుకుంటే ఒక్కొక్క చదరపు మీటరు దాదాపు 697 వాట్లు వికిరణం చేస్తుంది. మన చర్మం 35 డిగ్రీలు, అంటే 308 కెల్విన్లు. అది తిరిగి చదరపు మీటరుకు 510 వాట్లు పంపుతుంది. తేడా 187 వాట్లు. అంటే రేకుకు ఎదురుగా ఉన్న ఒంటిమీద చదరపు మీటరుకు ఇంత వేడి అదనంగా పడుతున్నదన్నమాట. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో పుట్టే వేడి మొత్తం 100 వాట్లే. దీన్నిబట్టి ఆ రేకు సంగతి ఊహించుకోండి.

మొత్తం షెడ్డుకు లెక్క వేద్దాం. షెడ్డు 10 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు అనుకుందాం. పైకప్పు వైశాల్యం 80 చదరపు మీటర్లు. రేకు, నేల ఆదర్శ వస్తువులు కావు కనుక చదరపు మీటరుకు 150 వాట్లే తీసుకుందాం. మొత్తం 12,000 వాట్లు. ఇక షెడ్డులో ఒక్కొక్క హార్స్‌పవరు మోటారుతో 8 మగ్గాలు ఉన్నాయనుకుంటే, అవి పూర్తి శక్తితో నడిచినా దాదాపు 6,000 వాట్లు. మోటారు తీసుకున్న కరెంటంతా ఆఖరికి వేడిగానే మారుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు ఆరింటిని షెడ్డులో వెలిగించి పెట్టినట్టు. అయినా పైకప్పు కురిపించే వేడి దానికి రెండింతలు!

చలిదేశాల్లో ఇదే హీటరు

ఐరోపా, అమెరికా దేశాల్లో చలికాలంలో పెద్దపెద్ద వర్క్‌షాపులను వెచ్చబరచడం ఒక సమస్య. ఎత్తయిన హాల్లోకి వేడిగాలిని పంపితే అది తేలికై పైకప్పు దగ్గరికి చేరుతుంది. కింద పనిచేసేవారు చలికి వణుకుతూనే ఉంటారు. తలుపు తెరిచినప్పుడల్లా వేడిగాలి బయటికి పోతుంది. అందుకని అక్కడి ఇంజనీర్లు గాలిని వదిలేసి మనిషినే వెచ్చబరిచే ఉపాయం పట్టారు. పైన ఇనుప గొట్టాలను వరుసగా వేలాడదీసి, వాటిలో గ్యాసు మండించి గాని, వేడినీళ్లు పారించి గాని వేడెక్కిస్తారు. గొట్టాల నుంచి వికిరణం తిన్నగా కిందికి వచ్చి మనుషులను, నేలను వెచ్చబరుస్తుంది. గాలి చల్లగా ఉన్నా ఒంటికి హాయిగా ఉంటుంది. దీన్నే వికిరణ తాపనం అంటారు.

అక్కడ డబ్బుపెట్టి బిగించుకునే ఆ హీటరే మనకు రేకుల పైకప్పు రూపంలో ఉచితంగా దొరికింది. కాకపోతే వాళ్లకు అది జనవరిలో కావాలి. మనకు మే నెలలో వచ్చిపడింది!

ఫ్యాను చాలదా?

"వేడిగా ఉంటే ఫ్యాను వేసుకోవచ్చు గదా" అని మీరు అనవచ్చు. ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది. గాలి 30 డిగ్రీలున్నప్పుడు అది 35 డిగ్రీల చర్మం నుంచి వేడిని తీసుకుపోతుంది. గాలే 42 డిగ్రీలుంటే ఒంటికి తిరిగి వేడిని అందిస్తుంది. అప్పుడు మనిషిని కాపాడేది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఒంటిమీద పూర్తిగా ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. ఇది మీరు చదువుకున్న బాష్పీభవన గుప్తోష్ణమే. ఫ్యాను చేసే మేలు ఆ చెమటను త్వరగా ఆర్పడమే. రేకునుంచి వచ్చే వికిరణాన్ని మాత్రం ఫ్యాను ఏమీ చేయలేదు. వెలుగును విసనకర్రతో విసిరి పంపలేం గదా!

గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. కారిపోయిన చెమట నీరసాన్ని ఇస్తుందే తప్ప చల్లదనాన్ని ఇవ్వదు. 1905లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ ఈ సంగతిని స్పష్టంగా చూపాడు. బల్బుకు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరును తడి బల్బు థర్మామీటరు అంటారు. కదలని గాలిలో దాని అంకె 31 డిగ్రీలు దాటితే, చొక్కా విప్పి ఊరికే కూర్చున్న మనిషికి కూడా ఒంటి ఉష్ణోగ్రత పెరగసాగుతుందని ఆయన కనుక్కున్నాడు. అటువంటప్పుడు పనిచేసేవారి గతి ఏమిటి? తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతులు, చివరకు వడదెబ్బ. వడదెబ్బ ప్రాణం తీస్తుంది.

సిరిసిల్ల: దారానికి తేమ, మనిషికి గాలి

మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల ఒకప్పుడు చేనేతకు పేరు. తర్వాత మరమగ్గాల ఊరైంది. అక్కడివారు మరమగ్గాన్ని సాంచా అంటారు. 2016 అక్టోబరు 11న ఈ పట్టణం జిల్లా కేంద్రమైంది. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరలు నేసి ఇచ్చినవి ఈ సాంచాలే.

నేతపనికి ఒక చిక్కు ఉంది. గాలి పొడిగా ఉంటే నూలుపోగు పెళుసై తెగుతుంది. నూలు కొంత తేమను పీల్చుకుంటేనే గట్టిగా ఉంటుంది. పాలియెస్టరు పోగు తేమను దాదాపు పీల్చదు. కాని పొడిగాలిలో రాపిడివల్ల దానిమీద స్థిర విద్యుత్తు చేరి, పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. పోగు తెగితే సాంచా ఆగుతుంది. సాంచా ఆగితే కూలి తగ్గుతుంది. అందుకని నేలమీద నీళ్లు చల్లుతారు, కిటికీలు మూస్తారు, గోనెపట్టాలు కడతారు. దారానికి మేలు జరుగుతుంది. మనిషికి మాత్రం గాలి అందదు, చెమట ఆరదు.

ఈ తగాదా కొత్తది కాదు. ఇంగ్లండులోని లాంకషైరులో నేత షెడ్లలోకి ఆవిరిని వదిలి తేమ పెంచేవారు. అక్కడి నేతపనివారు మొరపెట్టుకున్నారు. 1889లో తేమకు హద్దులు పెడుతూ అక్కడ ఒక చట్టం వచ్చింది. షెడ్డులో పొడి, తడి బల్బు థర్మామీటర్లు పెట్టి చూడవలసి వచ్చింది.

మన పాత చేనేత ఇళ్లలో ఈ తగాదా ఇంతగా లేదు. గుంటమగ్గంలో పడుగు నేలకు దగ్గరగా ఉంటుంది. గుంటలోని తేమ దారానికి అందుతుంది. పైన గూనపెంకులు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి జారిపోతుంది. పెంకు రేకంత త్వరగా వేడెక్కదు. ఇంట్లో పెద్దలను అడిగితే ఈ సంగతి మీకు చెబుతారు.

మరి రేకుల షెడ్డులో దారానికి, మనిషికి రాజీ కుదరదా? కుదురుతుంది. కిటుకు సాపేక్ష ఆర్ద్రతలో ఉంది. 40 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి దాదాపు 51 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందులో సగం, అంటే 25.5 గ్రాములే ఉంటే సాపేక్ష ఆర్ద్రత 50 శాతం. అదే గాలిని 35 డిగ్రీలకు చల్లబరిస్తే అది పట్టుకోగలిగేది 40 గ్రాములే. ఆవిరి అంతే ఉన్నా సాపేక్ష ఆర్ద్రత 64 శాతానికి పెరిగింది! దారానికి కావలసింది సాపేక్ష ఆర్ద్రత. అంటే ఒక్క చుక్క నీరు చల్లకుండానే, షెడ్డును చల్లబరచడంతోనే దారానికి తేమ దొరికింది. మనిషికి వేడి తగ్గింది. కాబట్టి ఫ్యానుకంటే ముందు, నీళ్లకంటే ముందు పైకప్పును చూడాలి.

వేడిగాలికి తలుపు ఎక్కడ?

మోటార్ల వేడిని బయటికి పంపడం గాలి పని. మన షెడ్డులోని 6,000 వాట్ల వేడిని, బయటికి పోయే గాలి లోపలికి వచ్చే గాలికంటే 10 డిగ్రీలు వేడిగా ఉండేటట్లు పంపాలంటే, సెకనుకు సుమారు అర ఘనమీటరు గాలి కావాలి. షెడ్డు ఎత్తు 4 మీటర్లయితే గంటకు ఆరుసార్లు లోపలి గాలి మొత్తం మారాలన్నమాట.

గాలి దానంతట అదే కదిలే దారి ఉంది. 35 డిగ్రీల గాలి ఘనమీటరుకు దాదాపు 1,146 గ్రాములు. 45 డిగ్రీల గాలి 1,110 గ్రాములు. 36 గ్రాముల తేలిక. అందుకే వేడిగాలి పైకి పోతుంది. గోడల కింది భాగంలో గాలి వచ్చే కిటికీలు, పైకప్పు మొగురం దగ్గర గాలి పోయే సందు ఉంటే షెడ్డే ఒక పొగగొట్టంలా పనిచేస్తుంది. కిటికీల వైశాల్యం రెండింతలు చేస్తే గాలి రెండింతలు పారుతుంది. కింది కిటికీకి, పై సందుకు మధ్య ఎత్తు నాలుగింతలు చేస్తేగాని గాలి రెండింతలు కాదు. అందుచేత పెద్ద సందులు పెట్టడమే లాభం.

చాలా షెడ్లలో కిటికీలుంటాయి, పైన సందు ఉండదు. వేడిగాలి రేకుకింద చిక్కుకుని ఉండిపోతుంది. సందు ఉన్నా దూది నూగు పట్టి మూసుకుపోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యానును నడుమెత్తులో బిగిస్తే కింది గాలినే లాగుతుంది. దాన్ని పైన బిగించాలి. ఇంకో మాట. మిట్ట మధ్యాహ్నం బయటి గాలే మండుతుంటే ఈ పద్ధతి అంతగా పనిచేయదు. రాత్రివేళ, తెల్లవారుజామున కిటికీలన్నీ తీసి గోడలను, నేలను చల్లారనివ్వాలి.

జగిత్యాల, కోరుట్ల

జగిత్యాల ప్రాంతంలో వరి ఎక్కువ. రైసుమిల్లులూ ఎక్కువే. ఉప్పుడు బియ్యానికి వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెడతారు. ఆ ఆవిరికి బాయిలరు, బాయిలరుకు వడ్ల ఊక మంట. కొలిమి నోరు తెరిచినప్పుడు లోపల 800 డిగ్రీలుందనుకోండి. స్టెఫాన్ సూత్రం ప్రకారం చదరపు మీటరుకు దాదాపు 75,000 వాట్లు. మన రేకుకు వందరెట్లకు పైగా! అదృష్టవశాత్తు ఆ నోరు చిన్నది. దూరం రెండింతలైతే వేడి దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. కొలిమికి, మనిషికి మధ్య మెరిసే అల్యూమినియం రేకును అడ్డుగా పెడితే వికిరణంలో ఎక్కువ భాగం వెనక్కి పరావర్తనం చెందుతుంది. ఇక్కడ ఫ్యానుకంటే అడ్డుతెర మేలు. మిల్లులో దుమ్ము మరో బాధ. దుమ్మును ఫ్యానుతో చెదరగొట్టకూడదు. పుట్టిన చోటనే గొట్టంతో లాగి బయటికి పంపాలి.

కోరుట్లలో ఎన్నో ఇళ్లే కార్ఖానాలు. ఆడవాళ్లు చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుడతారు. తునికాకు మెత్తగా ఉండాలంటే తడిగా ఉండాలి. ఫ్యాను వేస్తే ఆకు ఎండుతుంది, తంబాకు పొడి లేచి కళ్లలో, ముక్కులో పడుతుంది. అందుకని ఎండకాలంలో కూడా ఫ్యాను ఆపి కూర్చోవలసి వస్తుంది. సిరిసిల్ల చిక్కే ఇక్కడా ఉంది. సరుకుకు తేమ కావాలి, మనిషికి గాలి కావాలి. ఇక్కడ కూడా ముందుగా చూడవలసింది ఇంటి పైకప్పునే. దాన్ని చల్లబరిస్తే ఫ్యాను లేని లోటు కొంత తీరుతుంది. కిటికీ పక్కన, గాలి తల వెనుకనుంచి మెల్లగా వచ్చి ముందుకు పోయేటట్లు కూర్చుంటే పొడి ముఖంమీదికి రాదు.

అసలు వేడిని కొలిచేదెలా?

మామూలు థర్మామీటరు వికిరణాన్ని పట్టించుకోదన్నాం గదా. దానికి గోళ థర్మామీటరు ఉంది. 15 సెంటీమీటర్ల వ్యాసం గల బోలు రాగి గోళానికి నల్లరంగు పూసి, నడుమన థర్మామీటరు పెడతారు. నల్లగోళం వికిరణాన్ని శోషించి వేడెక్కుతుంది. భవనాల లోపల మనిషికి తగిలే మొత్తం వేడిని ఒక్క అంకెలో చెప్పాలంటే, తడి బల్బు అంకెను 0.7తో, గోళం అంకెను 0.3తో గుణించి కలుపుతారు. ఈ పద్ధతి 1950ల్లో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలను ఆపడానికి పుట్టింది.

ఒక షెడ్డులో తడి బల్బు 28, గోళం 45 ఉంటే 19.6 + 13.5 = 33.1. పైకప్పు చల్లబడి గోళం 40కి దిగితే 31.6. గాలి బాగా మారి తడి బల్బు కూడా 26కు దిగితే 30.2. వేడికి అలవాటుపడినవారు తేలికపని చేయడానికి అంతర్జాతీయ ప్రమాణం చెప్పే హద్దు 30. చూశారా, ఏ ఒక్క ఉపాయమూ చాలదు. పైకప్పు, గాలి రెండూ కలిస్తేనే హద్దు దగ్గరికి వస్తాం.

చట్టం చెప్పింది, సున్నం చేసింది

మన దేశంలో 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షనులోనే ఈ సంగతి ఉండేది. పైకప్పుకు సున్నం వేయడం, నీళ్లు చిలకరించడం, కప్పు ఎత్తు పెంచడం, నడుమ గాలి ఖాళీతో రెండు కప్పులు వేయడం వంటి ఉపాయాలను ఆ సెక్షను పేర్కొంది. తేమకోసం వాడే నీరు శుభ్రమైనదై ఉండాలని 15వ సెక్షను చెప్పింది. అయితే కరెంటు వాడే చోట పదిమంది పనివారుంటేనే అది మామూలుగా వర్తించేటట్లు రాశారు. చిన్న షెడ్లు, ఇళ్లలోని పనిచోట్లు దాని అంచునే ఉండిపోయాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది.

తెల్లని సున్నం ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపుతుంది. తుప్పుపట్టిన రేకు, మసిపట్టిన సిమెంటు రేకు ఎక్కువ భాగాన్ని మింగుతాయి. సున్నం ఏటా ఎండలకు ముందు వేయాలి, దుమ్ముపడితే దాని గుణం తగ్గుతుంది. రేకుకింద జానెడు ఖాళీ వదిలి తడకలతో గాని, మెరిసే అల్యూమినియం పొరతో గాని లోకప్పు వేస్తే వికిరణానికి అడ్డు పడుతుంది.

ఒక హెచ్చరిక. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులను గీకకూడదు, కోయకూడదు. వాటి నూగు ఊపిరితిత్తులకు క్యాన్సరు తెస్తుంది. మీరు మాత్రం ఏ రేకుమీదికీ ఎక్కవద్దు. విరిగి పడే ప్రమాదముంది.

మీరే చేసి చూడండి

ఒక పింగ్‌పాంగ్ బంతికి రంధ్రం చేసి, మసితో గాని నల్లరంగుతో గాని పూయండి. బడి ప్రయోగశాల థర్మామీటరు బల్బు బంతి నడుమకు వచ్చేటట్లు దూర్చి, సందును మైనంతో మూయండి. మీ గోళ థర్మామీటరు సిద్ధం. దాన్నీ, మామూలు థర్మామీటరునూ, బల్బుకు తడిగుడ్డ చుట్టిన మరొకదాన్నీ మధ్యాహ్నం రేకుల గదిలో, పెంకుటింట్లో, చెట్టునీడలో పావుగంటసేపు వేలాడదీసి మూడు అంకెలూ రాసుకోండి. గోళానికీ, మామూలు థర్మామీటరుకూ తేడా ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ కొలిమి ఉన్నట్టు.

ఆలోచించండి

1. రేకుల గదిలో తలుపులన్నీ తీసినా మధ్యాహ్నం తల ఎందుకు మండుతుంది?
2. 35 డిగ్రీల గాలిలో సాపేక్ష ఆర్ద్రత 60 శాతం ఉంది. ఆవిరి మారకుండా 40 డిగ్రీలకు వేడెక్కితే అది ఎంత అవుతుంది? దారానికి మేలా, కీడా?
3. మీ ఊళ్లో ఒక పనిచోటును చూడండి. గాలి వచ్చే దారి, పోయే దారి ఎక్కడున్నాయో బొమ్మ గీయండి. పైన దారి లేకపోతే ఎక్కడ పెట్టవచ్చో గుర్తుపెట్టి, అక్కడ పనిచేసేవారికి చూపించండి. వారు చెప్పే మాట కూడా రాసుకోండి. ఆ షెడ్డు సంగతి అందరికంటే వారికే బాగా తెలుసు.